మళ్లీ మొదలుపెట్టేవాడి లెక్క

క్రిస్ ఫెర్గూసన్ 2000లో లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచి 15 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. తండ్రి గణితాచార్యుడు, గేమ్ థియరీలో దిట్ట. తను కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేశాడు. పొడుగాటి జుట్టు, గడ్డం, వెడల్పాటి టోపీ. పోకర్ ఆడేవాళ్లలో ఆ ముఖం ఎరగనివాళ్లు లేరు. అంతటి మనిషి 2006లో తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. తనకు భాగస్వామ్యం ఉన్న ఫుల్ టిల్ట్ పోకర్ అనే సైట్‌లో, జేబులోంచి ఒక్క సెంటు తీయకుండా, సున్నా నుంచి 10,000 డాలర్లు సంపాదించి చూపించాలి.

సున్నాతో కూర్చోనిచ్చేది ఫ్రీరోల్ ఒక్కటే. ప్రవేశ రుసుం ఉండదు, జనం మాత్రం తిరునాళ్లంత. గంటల తరబడి ఆడి నెగ్గుకొస్తే దక్కేది ఒకటో రెండో డాలర్లు. వాటితో నేరుగా డబ్బు పెట్టి ఆడే క్యాష్ గేమ్‌లో కూర్చుంటే కాసేపటికే పోయేవి. మళ్లీ ఫ్రీరోల్, మళ్లీ సున్నా. నెలలు గడిచినా ఖాతాలో పది డాలర్లు కూడా నిలవలేదు. చివరికి ఒక డాలర్ టోర్నమెంట్‌లో వందలమందిని దాటి రెండో స్థానంలో నిలిచి 104 డాలర్లు గెలిచాడు. అక్కడి నుంచి బండి కదిలింది. మొత్తానికి ఏడాదికి పైగా పట్టినా, అనుకున్న 10,000 చేరాడు.

ఈ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఓపిక దగ్గర ఆగిపోతారు. ఓపిక ఉండాల్సిందే. కానీ ఫెర్గూసన్‌ను నిలబెట్టింది స్వభావం కన్నా ముందు ఒక లెక్క. దెబ్బతిని తిరిగి వచ్చే ప్రతి మనిషికీ ఆ లెక్కతో పని ఉంటుంది. తిరిగి వచ్చినప్పుడు మనం ఒకప్పుడు ఎంతటివాళ్లమన్నది పక్కన పెట్టి, ఇప్పుడు చేతిలో ఎంతుందో చూసి దానికి తగ్గ చోట కూర్చోవాలి.

ముందే ఒక మాట. ఇది పోకర్ ఆడమని చెప్పే వ్యాసం కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా దేశమంతటికీ ఆ నిషేధం వర్తింపజేసింది. ఆన్‌లైన్ రమ్మీ అప్పులతో చితికిన ఇళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. అయినా డబ్బు పోయే తీరును ఇంత నిక్కచ్చిగా లెక్కకట్టిన ఆట అరుదు. అందుకే ఆ లెక్కను మాత్రం తీసుకుందాం.

ఎంత పెట్టాలి?

పోకర్ ఆడేవాళ్లు ఆట కోసం విడిగా తీసిపెట్టుకున్న డబ్బును బ్యాంక్‌రోల్ అంటారు. ఇంటద్దె, పిల్లల ఫీజు, చేబదులు తెచ్చిన సొమ్ము అందులోకి రావు. పోయినా ఇంట్లో పొయ్యి ఆరని డబ్బే బ్యాంక్‌రోల్. ఫెర్గూసన్ దానికి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. క్యాష్ గేమ్‌లో ఒకసారి కూర్చోవడానికి 5 శాతం మించకూడదు. పెద్ద టోర్నమెంట్‌కు 2 శాతం మించకూడదు. మరీ చిన్న పందేలకు మాత్రం ఈ రెంటి నుంచి మినహాయింపు. లేకపోతే ఆట మొదలే కాదు. ఇక మూడోది. టేబుల్ మీద తన ముందున్న డబ్బు మొత్తం బ్యాంక్‌రోల్‌లో 10 శాతం దాటితే, వంతులవారీగా ముందే పెట్టాల్సిన పందెం (బ్లైండ్స్) తన దగ్గరికి వచ్చేసరికి లేచిపోవాలి.

మొదటి రెండూ ఎవరికైనా తోచేవే. కష్టమంతా మూడోదాంట్లో ఉంది. గెలుస్తున్నప్పుడు, టేబుల్ చుట్టూ తనకన్నా బలహీనులు కూర్చుని ఉన్నప్పుడు లేచిపోవడమంటే మాటలు కాదు. పందేనికి హద్దు లేని నో లిమిట్ ఆటలో ముందున్న డబ్బంతా ఒక్క పంపకంలోనే పోవచ్చు కాబట్టే ఆ నియమం. ఓడినప్పుడు మనల్ని ఆపే నియమాలు అందరికీ తెలుసు. గెలుపు మీదున్నప్పుడు లేపేసే నియమం పెట్టుకున్నవాళ్లు అరుదు.

అంకెల్లో చూడండి. మీ దగ్గర 10,000 రూపాయలున్నాయి. ప్రతిసారీ ఉన్నదాంట్లో 5 శాతం పెట్టి వరుసగా పదిసార్లు పోగొట్టుకున్నారు. ఇంకా 5,987 రూపాయలు మిగులుతాయి. అదే మరొకరు ప్రతిసారీ పాతిక శాతం పెట్టి ఉంటే మిగిలేది 563. దురదృష్టం ఇద్దరికీ ఒక్కటే, పదిసార్లు. ఒకడు మర్నాడు మళ్లీ కూర్చోగలడు, రెండోవాడు అప్పు కోసం ఫోన్లు చేస్తుంటాడు. పైగా 20 శాతం పోతే పూడ్చుకోవడానికి 25 శాతం లాభం చాలు. సగం పోతే ఉన్నది రెట్టింపు కావాలి. 90 శాతం పోతే పదింతలు కావాలి. గొయ్యి లోతయ్యే కొద్దీ నిచ్చెన అంతకంత పొడుగవుతుంది.

కిందికి దిగే ధైర్యం

ఈ నియమాలకు ఇంకో ముఖం ఉంది. బ్యాంక్‌రోల్ తగ్గితే 5 శాతం కూడా తగ్గుతుంది. అంటే నిన్నటిదాకా ఆడిన టేబుల్‌కు ఇవాళ అర్హత పోతుంది. మెట్టు దిగాల్సిందే. చాలామంది మునిగేది ఇక్కడే. పెద్ద టేబుల్ దగ్గర ఆడినవాడికి చిల్లర పందెం దగ్గర కూర్చోవడం నామోషీ. పైగా పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని మనకో సామెత ఉంది. ఉంగరం పోతే ఆ సలహా బాగానే పనిచేస్తుంది. పందెంలో డబ్బు పోతే అంతకన్నా చెడ్డ సలహా లేదు. పోయింది అక్కడే రాబట్టాలని పందెం పెంచేవాడి స్థితిని పోకర్‌లో టిల్ట్ అంటారు. చేతిలో ఏ ముక్కలున్నాయో చూసి ఆడడం మానేసి, పోయిన డబ్బు మీద కసితో ఆడడమే టిల్ట్.

టిల్ట్ పేకాటలోనే ఉంటుందనుకోకండి. మన స్టాక్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల లెక్కలను మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో బయటపెట్టింది. మూడు ఆర్థిక సంవత్సరాల్లో కోటిమందికి పైగా ఆడితే, అందులో 93 శాతం మందికి నష్టమే. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. వాళ్లలో వరుసగా నష్టాలొచ్చినా ఆట ఆపని వాళ్లే ఎక్కువ.

ఆపి తిరిగి రావడం ఎలా ఉంటుందో 2020లో పోకర్ ఆటగాడు ఫిల్ గాల్ఫాండ్ చూపించాడు. ఒకే ప్రత్యర్థితో 25,000 పంపకాలు ఆడే పోటీ. సగం దాటకముందే దాదాపు 9 లక్షల యూరోలు వెనకబడ్డాడు. అందరూ చూస్తుండగా ఆట ఆపి, కొన్ని వారాలు విరామం తీసుకున్నాడు. తిరిగి వచ్చాక పందెం పెంచలేదు. ఒప్పుకున్న పందేనికే, ఒప్పుకున్న పద్ధతిలోనే ఆడుతూ పోయాడు. పోటీ ముగిసేసరికి రెండు వేల యూరోల లోపు లాభంతో బయటపడ్డాడు. దీన్ని అద్భుతం అని చదివి వదిలేస్తే ఉపయోగం లేదు. ఆ నష్టాన్ని భరించే స్తోమత ఉండబట్టే విరామం తీసుకునే వీలు దొరికింది. అప్పు తెచ్చి కూర్చున్నవాడికి విరామం ఉండదు.

మన వీధిలో ఇదే లెక్క

ఏసీ రెస్టారెంట్ పెట్టి మూసేసిన మనిషిని తీసుకోండి. వంటలో చెయ్యి తిరిగినవాడే. అద్దె, జీతాలు, ఇంటీరియర్ అప్పు కలిసి ముంచాయి. సామాన్లు అమ్మగా రెండు లక్షలు మిగిలాయి. బావమరిది ఫోన్ చేసి, "బావా, మెయిన్ రోడ్డులోనే మళ్లీ పెట్టు, పోయిన పరువు అక్కడే రావాలి, నేను సర్దుతా" అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ ఆ మాట వింటే రెండు లక్షలూ అడ్వాన్సుకే పోతాయి, అప్పు కొత్తగా మొదలవుతుంది.

లెక్క తెలిసినవాడు సందు చివర కర్రీ పాయింట్ పెడతాడు. మొదటివారం పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక వేపుడు. కొత్త వంటకం పెట్టాలనుకుంటే ఉన్న పెట్టుబడిలో 5 శాతం, అంటే పదివేలకు మించి దానిమీద పెట్టడు. అది పోతే వంటకం మారుస్తాడు, కొట్టు మూయడు. బిర్యానీ బాగా పోతోందని ఊపులో రెండో కొట్టు తీసుకోబోయి, "నా డబ్బంతా ఒక్క దాని మీదికి పోతోందా?" అని ఆగి చూసుకుంటాడు. అది ఫెర్గూసన్ మూడో నియమం. పాత కస్టమర్ ఒకాయన వచ్చి, "ఏంటండీ, ఇక్కడ కూర్చున్నారు?" అంటే నవ్వి, కూర కట్టి ఇస్తాడు. ఆ నవ్వు నవ్వగలిగినవాడికి సగం పని అయిపోయినట్టే.

లెక్క తెలిసీ తప్పినచోట

ఫెర్గూసన్ కథ 10,000 దగ్గర ఆపేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం ఫుల్ టిల్ట్ సహా పెద్ద పోకర్ సైట్ల మీద కేసులు పెట్టింది. ఫుల్ టిల్ట్ ఆటగాళ్లకు ఇవ్వాల్సింది 39 కోట్ల డాలర్లు కాగా బ్యాంకులో ఉన్నది 6 కోట్లేనని, యజమానులకు మాత్రం 44 కోట్లు పంచారని అదే ఏడాది ప్రాసిక్యూటర్లు ఆరోపించారు. ఆ సంస్థ డైరెక్టర్లలో ఫెర్గూసన్ ఒకడు. తప్పు ఒప్పుకోకుండానే 2013లో కేసు సెటిల్ చేసుకున్నాడు. అమెరికా ఆటగాళ్లకు డబ్బు తిరిగి రావడం 2014లో గానీ మొదలు కాలేదు. అతను 2016లో మళ్లీ వరల్డ్ సిరీస్‌కు వచ్చాడు, 2017లో ఏకంగా ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అయ్యాడు. అయినా కోపం తీరని ఆటగాళ్లు ఎందరో. వీడియోలో క్షమాపణ చెప్పింది 2018లో.

తన జేబులో ఆరు డాలర్లున్నప్పుడు ప్రతి సెంటుకీ లెక్క చూసుకున్న మనిషి బోర్డులో కూర్చున్న సంస్థ, ఇతరుల డబ్బును విడిగా ఉంచలేకపోయింది. అంకెల క్రమశిక్షణ ఒక్కటే వ్యక్తిత్వం కాదు. నాది ఏది, నాకు అప్పగించినది ఏది అన్న గీత చెరగకూడదు. చిట్టీ నడిపేవాళ్లకూ, భాగస్వాముల డబ్బుతో వ్యాపారం చేసేవాళ్లకూ, ఇంటి ఉమ్మడి ఖాతా చూసేవాళ్లకూ ఈ గీతే మొదటి నియమం.

కాబట్టి మళ్లీ మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద నాలుగు జవాబులు రాసుకోండి. అచ్చంగా నాదైన డబ్బు, నాదైన సమయం ఎంత? ఒక్క ప్రయత్నానికి అందులో ఎంతకు మించి పెట్టను? ఏ అంకె దగ్గరికి పడితే మెట్టు దిగుతాను? ఏ అంకె దాటితే గెలుస్తున్నా లేస్తాను? ఆ కాగితం మీ మంచి కోరేవాళ్లలో మొహమాటం లేనివాళ్లకు ఇవ్వండి. పందెం వేడిలో మీరు నియమం మార్చబోతే, మార్చడానికి ఒక రాత్రి గడువు పెట్టమని వాళ్లతో ముందే చెప్పండి. చేతిలో ఉన్నది తక్కువైనప్పుడు ఈ అలవాటు చేసుకోవడమే మేలు, అప్పుడు తప్పులు చవక.