యంత్ర నిదానం

‘నిదానం’ అనే మాటకు నేటి వాడుకలో నెమ్మది అని అర్థం. ఆయుర్వేదంలో దీని అర్థం వేరు. రోగానికి మూలకారణమూ, దానిని గుర్తించే పద్ధతీ అక్కడ నిదానం. మాధవకరుడు రచించిన ‘రోగవినిశ్చయం’ వైద్యులలో ‘మాధవ నిదానం’గానే ప్రసిద్ధి పొందింది. నిదానం తరువాతనే చికిత్స అన్నది ఆ శాస్త్ర మర్యాద. ఇంట్లోని కంప్యూటర్ మొరాయించినప్పుడు ఈ మాటకున్న రెండర్థాలూ ఒకేసారి అవసరమవుతాయి.

హైదరాబాదులో అమీర్‌పేట నుండి పంజగుట్టకు మెట్రో రైలులో ఒక్క స్టేషను దూరం. మనుషుల వ్యాధులకు పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. యంత్రాల సంగతి తెలిసినవారు అమీర్‌పేటలో తయారయ్యారు. 1990ల నుండి మైత్రీవనం పరిసరాలు కంప్యూటర్ శిక్షణకు పేరుపొందాయి. జిల్లాల నుండి వచ్చిన యువతీ యువకులు హాస్టల్ గదుల్లో సర్దుకొని జావా, ఒరాకిల్ వంటివి నేర్చుకొన్నారు. కొందరు హార్డ్‌వేర్ కోర్సులో చేరి స్క్రూడ్రైవర్ పట్టారు. ఈ రెండవ విద్యకు మొదటిదానికి దక్కినంత గౌరవం దక్కలేదు గాని, ఆగిపోయిన యంత్రం ముందు అక్కరకు వచ్చేది ఇదే.

ఉదాహరణకు, పంజగుట్టలోని ఒక ఇంట్లో 2005 ప్రాంతంలో కొన్న కంప్యూటర్ అటకపై ఉన్నదని భావించవచ్చు. అందులో పిల్లల చిన్ననాటి ఫోటోలూ, తాతగారు టైపు చేయించుకొన్న శతక వ్యాఖ్యానమూ ఉన్నాయి. క్రిందికి దించి స్విచ్ వేస్తే తెర వెలగలేదు. బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు మూత విప్పకుండానే, “ఫార్మాట్ కొట్టాల్సిందే, సార్!” అంటాడు. తెరే వెలగని యంత్రానికి ఫార్మాట్ ఎలా మందవుతుందో అతనికే తెలియాలి. పాత యంత్రానికి నేడు పెద్ద వెల లేదు. తాతగారి వ్యాఖ్యానానికి మాత్రం రెండవ ప్రతి లేదు.

పరీక్ష బయటి నుండి లోపలికి సాగాలి. గోడ ప్లగ్గు, యు.పి.ఎస్., మానిటర్ తీగ సరిగా ఉన్నవో లేవో మొదట చూడాలి. తరువాతిది ఎస్.ఎం.పి.ఎస్. గోడ నుండి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచుతుంది. దాని పెట్టెను ఇంట్లో విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

విద్యుత్తు అందిన వెంటనే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకొంటుంది. ఫలితాన్ని చిన్న స్పీకరు ద్వారా ధ్వనులలో చెబుతుంది. ఛందస్సు చదివిన విద్యార్థికి ఇది కొత్త కాదు. ఇందులోనూ లఘువులూ గురువులూ ఉన్నాయి. చాలా బోర్డులలో ఒకే ఒక లఘువు క్షేమ సమాచారం. గురువులు ఆగి ఆగి వినిపిస్తే తరచుగా దోషం ర్యామ్‌లో ఉంటుంది. అయితే ఈ గణాలు కంపెనీని బట్టి మారతాయి కనుక బోర్డుతో వచ్చిన పుస్తకం చూడడం మేలు. ప్లగ్గు తీసి, లోహపు పెట్టెను ఒకసారి తాకి, ర్యామ్ ముక్కను బయటికి తీయాలి. దాని అంచునున్న బంగారు రంగు పట్టీలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ గట్టిగా కూర్చోబెడితే ఎన్నో యంత్రాలు లేచి కూర్చొంటాయి. అమీర్‌పేట విద్యార్థి తొలినాళ్లలో నేర్చే చిట్కా ఇది. అప్పటికీ లేవకపోతే మదర్‌బోర్డుపై కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడాలి. 2000ల తొలి సంవత్సరాల బోర్డులకు ఈ జబ్బు ఎక్కువ. తేదీ తప్పుగా కనిపిస్తే మాత్రం దిగులు పడనక్కరలేదు. నాణెం వంటి 3 వోల్టుల బ్యాటరీ మారిస్తే చాలు.

అసలు జాగ్రత్త హార్డ్‌డిస్క్ దగ్గర కావాలి. డెస్క్‌టాప్ డిస్కులలో చాలావాటి పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. చదివే ముల్లు దానిని తాకీ తాకనంత ఎత్తులో తేలుతుంది. ‘టక్ టక్’ మని వినిపిస్తే వెంటనే ఆపివేయాలి. మళ్లీ మళ్లీ స్విచ్ వేసేకొద్దీ గాయం పెరుగుతుంది. శబ్దం లేకపోతే దానిని ఊడదీసి వేరొక కంప్యూటరుకు తగిలించి, ఉన్నదంతా కొత్త డిస్కులోకి ఎక్కించాలి. పాత డిస్కు వెడల్పాటి పట్టీ తీగది అయితే యు.ఎస్.బి. అడాప్టరు కావలసి వస్తుంది. పొరపాటున తుడిచివేసిన ఫైలు కూడా సాధారణంగా అక్కడే ఉంటుంది. దాని చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఆ చోట మరొకటి వ్రాసినప్పుడే అది నశిస్తుంది. అందుచేత ప్రతి తీసుకొనేవరకు ఆ డిస్కుపై విండోస్ మళ్లీ ఎక్కించకూడదు.

వ్యాఖ్యానం ఫైలు తెరవగానే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనబడవచ్చు. దీనినే నాశనంగా భ్రమించి ఫైలు పారవేసినవారు ఉన్నారు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డి.టి.పి. ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తెలుగు అక్షర రూపాలను నిలిపేవి. నాటి ఫాంటును తిరిగి చేర్చితే వ్యాఖ్యానం మళ్లీ తెలుగులో కనిపిస్తుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ‘గౌతమి’ అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఉన్నది గాని, పాత ఫైళ్లు తమంతట తాము అందులోకి మారవు. మార్చే సాధనాలు వేరే ఉన్నాయి. మార్చిన తరువాత ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తారుమారవుతాయి కనుక పద్యం తెలిసినవారు ఒకరు ప్రక్కన కూర్చొని మొదటి నుండి చివరి వరకు సరిచూడాలి. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. అందువల్ల ఆ పని జరిగినంతసేపూ పాత యంత్రానికి ఇంటర్నెట్ తీగ తగిలించకపోవడమే మంచిది.