నేలకు తగిన చెట్టు

1950వ సంవత్సరమున అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె. ఎం. మున్షీ వనమహోత్సవమును ప్రారంభించెను. నాటినుండి ఏటేట వానకాలమునందు లెక్కకు మిక్కిలిగ మొక్కలు నాటబడుచున్నవి. కాని నాటినవన్నియు చెట్లు కాలేదు. నేలను చూడక మొక్కను ఎంచుటయు, నాటి మరచుటయు ఇందుకు ముఖ్యకారణములు.

ప్రతి చెట్టునకును తనకు తగిన నేల కలదు. సముద్రతీరపు ఇసుకలో సరుగుడు ఏపుగ పెరుగును. దాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టునకు అందించును. కావున సారములేని ఇసుకయు దానికి చాలును. నీరు నిలుచు నల్లరేగడిలో మామిడి వేళ్ళు గాలియాడక కుళ్ళును. నల్లతుమ్మ అచట నిలద్రొక్కుకొనును. నీరు ఇంకిపోవు లోతైన ఎఱ్ఱనేల మామిడికి అనుకూలము. రాతినేలలలో సీతాఫలము, వేప బ్రతుకును.

మామిడిని నాటదలచినవారు వేసవిలోనే పొడవు, వెడల్పు, లోతు ఒక్కొక్క మీటరుండునట్లు గోతులు త్రవ్వి ఎండనీయవలెను. పైమట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి గోతిని నింపి, తొలకరి వానలు పడిన పిదప మొక్కను నాటవలెను. అంటు కట్టినచోటు మట్టిలో పూడరాదు. గాలికి ఊగకుండ కఱ్ఱ పాతి కట్టవలెను. పశువులు మేయకుండ ముండ్లకంప వేయవలెను.

అసలు పరీక్ష తరువాతి వేసవులలో వచ్చును. మొక్క చుట్టు పాదుచేసి నీరు పోసి, ఎండుటాకులు కప్పినచో తేమ నిలుచును. మొక్క పెరిగినకొలది పాదును వెడల్పు చేయవలెను; ఏలయన దూరముగ ప్రాకిన లేతవేళ్ళే నీటిని ఎక్కువగ పీల్చును.

కావున నాటిన మొక్కలను గాక, మూడు వేసవులు దాటి నిలిచినవానిని లెక్కింపవలెను. పది మొక్కలు నాటి విడుచుటకంటె ఒక మొక్కను చెట్టుగ పెంచుట మేలు.