నూనె రక్తంలోకి ఎట్లా పోతుంది?

మన ఓబులదేవరచెరువు పక్క చెనిక్కాయలు తెలియని పిల్లోడు ఉండడు. ఎండిన గింజలో దాదాపు సగం నూనే. సంగటిలోకి ఊరిబిండి నంజుకున్నామంటే ఆ నూనె తిన్నట్టే. గ్రాము పిండిపదార్థం 4 కిలోకాలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. కానీ నూనె నీళ్ళలో కలవదు. రక్తంలో ఎక్కువ భాగం నీళ్ళే. మరి లోపలికి పోయేదెట్లా?

ఒక చిన్న ప్రయోగం చేయండి. గ్లాసు నీళ్ళలో రెండు చుక్కల నూనె వేసి గిలకొట్టండి. కాసేపటికి నూనె మళ్ళీ పైకి తేలుతుంది. ఇప్పుడు చిటికెడు సబ్బుపొడి వేసి గిలకొట్టండి. నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి, నూనె తొందరగా విడిపోదు. అది సన్నని బిందువులైపోయింది. దీన్నే ఎమల్సీకరణం అంటారు.

మన కడుపులో ఈ సబ్బుపని చేసేది పైత్యరసం. ఇది కాలేయంలో తయారై పిత్తాశయంలో నిలవ ఉంటుంది. కొవ్వున్న ఆహారం ఆంత్రమూలంలోకి రాగానే పిత్తాశయం ముడుచుకుని దీన్ని వదులుతుంది. పైత్యరసంలో జీర్ణ ఎంజైములు లేవు. (పరీక్షలో చాలామంది ఇక్కడే తప్పు రాస్తారు!) కొవ్వును విడగొట్టేది క్లోమరసంలోని లైపేజ్. అప్పుడు ఫాటీ ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు వస్తాయి.

చిన్నప్రేవు లోపలి గోడకు మఖమలు గుడ్డకున్న నూగులాగా చూషకాలు ఉంటాయి. ఈ ముక్కలు వాటి కణాల్లోకి పోతాయి. అక్కడ ఒక వింత జరుగుతుంది. అంత కష్టపడి విడగొట్టినవి మళ్ళీ కలిసి కొవ్వవుతాయి! దానికి ప్రోటీన్ పొర తొడిగి మూటలు కడతాయి కణాలు. వీటి పేరు కైలోమైక్రాన్లు. ఇవి రక్తకేశనాళికల్లో దూరలేనంత పెద్దవి. అందుకే చూషకం నడుమనున్న శోషరసనాళంలోకి పోయి, మెడ దగ్గర ఎడమవైపు సిరలో రక్తంలో కలుస్తాయి. 1622లో ఇటలీ వైద్యుడు అసెల్లి, బాగా మేసిన కుక్క ప్రేవుల దగ్గర తెల్లని నాళాలు చూశాడు. ఆ తెలుపు ఈ కొవ్వుదే.

ఇక కంటి సంగతి. మునగాకు, తోటకూరల్లోని కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎ అవుతుంది. అది లేకుంటే రేచీకటి వస్తుంది, ముదిరితే చూపే పోవచ్చు. కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. ఆకుకూర ఉత్తనీళ్ళలో ఉడకేసి, చుక్క నూనె లేకుండా తింటే అందులో చాలా భాగం ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. మన అమ్మలు వేసే తాలింపు రుచికొక్కదానికే కాదన్నమాట. విరేచనాలు విడవకుండా పట్టుకున్న పిల్లలకు తిన్న కొవ్వూ అందదు, ఈ విటమినూ అందదు. 1970 నుంచి మన దేశంలో చిన్నపిల్లలకు చెంచాతో తాగిస్తున్న విటమిన్ ఎ మందు కూడా నూనెలో కలిపిందే.