159 డిగ్రీల దగ్గర గంధకం

సిత్రా, బహ్రెయిన్

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. లిథియం-సల్ఫర్ బ్యాటరీలో ఏ పాలిమర్ కలిపితే బాగుంటుందో ఒక పేరు చెప్పమన్నావు. పేరు చెప్పడం ఎంతసేపు? ఆ పాలిమర్‌తో ఏ పని చేయించాలో ముందు తేల్చుకో. లేకపోతే నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు పేర్ల పట్టికగా మిగులుతుంది.

నువ్వు చిన్న సీసాల్లో కొనే గంధకం ఇక్కడ టన్నుల లెక్కన వస్తుంది. గల్ఫ్‌కు అరబ్బు ఒడ్డున మొదటి చమురు 1932లో ఇక్కడి జబల్ దుఖాన్ దగ్గరే పడింది. సిత్రా రిఫైనరీ 1936 నుంచి నడుస్తోంది. ముడిచమురులోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటికి లాగి, క్లాస్ పద్ధతిలో మళ్లీ గంధకం చేస్తారు. ప్రపంచంలో దొరికే గంధకంలో ఎక్కువ భాగం ఇలా చమురు, గ్యాసు శుద్ధిలో వచ్చిందే. అందులో అధిక భాగం సల్ఫ్యూరిక్ ఆమ్లానికి, అక్కడి నుంచి ఎరువులకు పోతుంది.

సరుకు చవక. సామర్థ్యమూ గొప్పది, లెక్కప్రకారం గ్రాముకు 1,675 మిల్లీ ఆంపియర్ అవర్లు. చిక్కల్లా అది ఉన్నచోట ఉండకపోవడమే. లిథియంతో కలిసే దారిలో పుట్టే పాలీసల్ఫైడ్‌లు ఈథర్ ఎలక్ట్రోలైట్‌లో కరిగి, అవతలి లిథియం దాకా పోయి, అక్కడ రూపు మారి తిరిగొస్తుంటాయి. ఈ రాకపోకల్లో చార్జీ వృథా, గంధకం వృథా. పైగా డిశ్చార్జి పూర్తయ్యేసరికి గంధకం సుమారు 80 శాతం ఉబ్బుతుంది. వేడి పెరిగితే ఈ రాకపోకలు ఇంకా జోరందుకుంటాయి. వేసవిలో మధ్యాహ్నం ఎండలో పని చేయించడమే నిషేధమైన దేశంలో కూర్చుని రాస్తున్నాను కనక ఆ మాట నాకు చిన్నదిగా అనిపించదు.

పాలిమర్‌ను బైండర్‌గా వాడొచ్చు. మామూలుగా వాడే పీవీడీఎఫ్ పొడిని పట్టి ఉంచుతుంది, అంతే. 2020లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో మహ్‌దోఖ్త్ షైబానీ బృందం బైండర్‌ను తగ్గించి, రేణువుల మధ్య వంతెనలుగా మాత్రమే నిలిపి, గంధకం ఉబ్బడానికి చోటు వదిలింది. పూతగానూ వాడొచ్చు. 2009లో వాటర్లూలో లిండా నాజర్ బృందం కార్బన్‌లోని సన్నని రంధ్రాల్లో గంధకం నింపి, పైన పాలీఇథిలిన్ గ్లైకాల్ తొడిగింది. గ్రాముకు 1,320 మిల్లీ ఆంపియర్ అవర్ల దాకా వచ్చింది.

నాకు నచ్చింది మాత్రం మూడోది. దానికి రిఫైనరీ సంగతి ఒకటి చెప్పాలి. కరిగిన గంధకాన్ని ట్యాంకుల్లో ఆవిరి గొట్టాలతో 130 నుంచి 150 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఆ వేడిలో అది పలచగా పారుతుంది. 159 దాటిందా, ముదురు పాకంలా చిక్కబడి పంపుకు లొంగదు. ఎనిమిది పరమాణువుల వలయాలు తెగి, కొస కొసకు అతుక్కుని పొడవాటి గొలుసులవుతాయి. అంటే గంధకమే పాలిమర్ అయిపోతుంది! చల్లార్చితే ఆ గొలుసు నిలవదు, మళ్లీ వలయాలే.

ఆపరేటర్లు భయపడే ఆ స్థితినే అరిజోనా విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ప్యున్ బృందం పనికి తెచ్చుకుంది. 185 డిగ్రీల దగ్గర డై ఐసోప్రొపెనైల్ బెంజీన్ కలిపి గొలుసు కొసలను కట్టేశారు. టైరు రబ్బరులో కాస్త గంధకం వేస్తాం కదా, ఇక్కడ గంధకమే ఎక్కువ. 2013లో ప్రచురించిన ఆ పనిలో 100 సైకిళ్ల తర్వాత గ్రాముకు 823 మిగిలింది. పాలీసల్ఫైడ్‌లు పూర్తిగా ఆగిపోయాయని అనుకోకు. డిశ్చార్జిలో ఆ గొలుసూ తెగుతుంది.

పాలీఎక్రిలోనైట్రైల్‌తో కాల్చి చేసిన సల్ఫర్ అంతకంటే బుద్ధిమంతురాలు. ఈథర్ లేకుండా కార్బొనేట్ ఎలక్ట్రోలైట్‌లోనూ నడుస్తుంది. కాకపోతే అందులో గంధకం బరువు సగానికి చేరడమే కష్టం. కలిపిన ప్రతి పాలిమర్ బరువూ నీ సెల్ మోయాలి, మర్చిపోకు.

అందుకే వ్యాసాల్లో గ్రాము గంధకానికి ఇంత అని వేసే గీతలు చూసి మురిసిపోవద్దు. పలచగా పూసి, బొత్తాం సెల్ నిండా ఎలక్ట్రోలైట్ పోస్తే ఏ పాలిమరైనా గొప్పగానే కనిపిస్తుంది. టెక్సాస్‌లో మంథిరామ్ బృందం పెట్టిన హద్దులు కఠినమైనవి. చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీగ్రాములకు పైగా గంధకం, మిల్లీగ్రాము గంధకానికి 5 మైక్రోలీటర్ల లోపు ఎలక్ట్రోలైట్.

ఈసారి ఉత్తరంలో ముందు ఆ రెండంకెలు రాయి, గ్రాఫు తర్వాత పంపుదువు గానీ.

మీ బాబాయి