బడి మారినా బాధ్యత మారదు



జూన్ నెల వచ్చిందంటే ప్రతి ఇంటా ఒకటే ప్రశ్న: పిల్లలను ఏ బడిలో వేయాలి? జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలకు పొద్దున్నే ప్రైవేటు బడుల బస్సులు వస్తాయి. పిల్లలు ఊళ్ళోని సర్కారు బడిని దాటుకొని పట్టణానికి పోతారు. ఇది తప్పా? దీనివల్ల ఊరికి ఏమి జరుగుతుంది? ఈ వారం కుటుంబ సమేతంగా ఆలోచిద్దాం.

1. ఎన్నుకొనే హక్కు

ద్వితీయ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న క్రైస్తవ విద్యను గూర్చి ఒక ప్రకటన వెలువరించింది. బిడ్డల విద్యకు మొదటి బాధ్యులు తల్లిదండ్రులేననీ, బడిని ఎన్నుకొనే నిజమైన స్వేచ్ఛ వారికి ఉండాలనీ అది బోధిస్తుంది. కనుక మంచి బడి కోసం వెదకే తల్లిదండ్రులను నిందించరాదు. అయితే పిల్లలు పెద్దవారై సమాజంలోని సంఘాలలో చురుకుగా పాల్గొని, అందరి మేలుకు పాటుపడేలా వారిని తీర్చిదిద్దాలని కూడా అదే ప్రకటన చెబుతుంది. మొదటి మాట మనకు బాగా గుర్తుంటుంది. రెండవది తరచు మరచిపోతాం.

2. మన జిల్లా చూసిన ప్రయోగం

జహీరాబాద్ మెదక్ జిల్లాలో ఉన్న రోజుల్లో, 2008లో, ఆ జిల్లాతో సహా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాలలో 180 గ్రామాలను తీసుకొని ఒక ప్రయోగం మొదలుపెట్టారు. సగం గ్రామాలలో సర్కారు బడి పిల్లలకు లాటరీ తీసి, ప్రైవేటు బడిలో చదువుకొనేందుకు ఫీజు, పుస్తకాలు, బట్టల ఖర్చు ఇచ్చారు. నాలుగేళ్ళ తరువాత పరీక్షించి చూస్తే తెలుగులోనూ లెక్కల్లోనూ ఇరుపక్షాల పిల్లలూ సమానమే. హిందీలో మాత్రం ప్రైవేటు బడికి వెళ్ళినవారు ముందున్నారు. ఒక్కో పిల్లవాడిపై ప్రైవేటు బడులు పెట్టిన ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతు కంటె తక్కువ. సర్కారు బడిలో మిగిలిన పిల్లల మార్కులూ తగ్గలేదు. ఈ ఫలితాలు 2015లో అచ్చయ్యాయి.

3. ఊరు కోల్పోయేది

అయితే మార్కుల లెక్కలో కనబడని నష్టం ఒకటుంది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. నిధులెలా ఖర్చయ్యాయో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక వేయడం వారి పని. కాని ఆ బడిలో బిడ్డ చదువుతున్నవారికే ఓటు. బిడ్డను తీసివేసిన రోజునే ఆ ఓటూ పోతుంది.

వెళ్ళిపోయేది ఎవరు? చాలాచోట్ల కాస్త చదువుకున్నవారు, అధికారిని నిలదీయగలవారు. మిగిలేది, కమిటీకి వస్తే ఆనాటి కూలి పోగొట్టుకొనే తల్లి. నాణ్యత గురించి ఎక్కువ పట్టించుకొనేవారే ముందుగా వెళ్ళిపోతే, లోపాలను సరిదిద్దే గొంతు బలహీనపడుతుందని ఆల్బర్ట్ హర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లోనే హెచ్చరించాడు.

4. మనం చేయదగినది

పేదవారికి మాట్లాడడం రాదనకండి. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో 2008లో మొదలైన సంఘం రేడియోను నడిపింది దళిత స్త్రీలే. వారికి కావలసింది తోడు.

మీ బిడ్డ సర్కారు బడిలో ఉంటే కమిటీ ఎన్నికకు తప్పక వెళ్ళండి. తల్లులు పోటీకి నిలవండి. మీ బిడ్డ ప్రైవేటు బడిలో ఉంటే గ్రామసభ మిగిలే ఉంది. అక్కడ ఊరి ఓటరు ఎవరైనా బడి ప్రహరీ గురించి, మరుగుదొడ్ల గురించి, ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ పోస్టుల గురించి అడగవచ్చు. ప్రైవేటు బడులు పేద పిల్లలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న నిబంధన మైనారిటీ బడులకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. చట్టం అడగకపోయినా, పేద బిడ్డకు మన బడుల తలుపు తెరిచే ఉండాలి.

ఆలోచించండి

1. మన ఊరి బడి కమిటీలో ఎవరెవరున్నారో మనకు తెలుసా?
2. గడచిన ఏడాదిలో మన ఇంటినుండి ఎవరైనా గ్రామసభకు వెళ్ళారా?
3. మన పక్కింటి బిడ్డ చదివే బడి కోసం ఈ నెలలో మనం చేయగల ఒక పని ఏది?