నిలుచు సంతోషము

సంతోషమును అందరము కోరుదుము. అది నిలుచుట లేదని వగచుదుము. ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులమైన ఆనందము కొలది దినములకే పాతబడును. ఏలనన, మనస్సు దేనికైనను త్వరగా అలవాటుపడును.

అమెరికాలో బ్రిక్‌మన్ మొదలగు మనస్తత్వ శాస్త్రజ్ఞులు లాటరీ గెలిచిన 22 మందిని పరిశీలించి 1978లో ఫలితములు ప్రకటించిరి. ఆ విజేతలు అదే ప్రాంతపు సామాన్యులకంటె చెప్పుకొనదగినంత ఎక్కువ సుఖముగా లేరు. పైగా మిత్రునితో ముచ్చట, ఉదయపు ఫలాహారము వంటి చిన్న ఆనందములు వారికి చప్పబడినవి. కొలదిమందిని గూర్చినదే అయినను ఈ పరిశీలన యోచింపదగినది. ధనము నిరర్థకమని కాదు, లేమి బాధాకరమే. లేమి తీరిన పిదపను తృప్తి దానంతటదిగా రాదనియే దీని సారము.

తృప్తిని ఉర్దూలో 'ఖనాఅత్' అందురు. అది సోమరితనము కాదు. కృషిని విడువక, పరులతో పోలికను విడుచుటయే తృప్తి. ఇమామ్ గజాలీ (1058–1111) తన పారసీక గ్రంథమునకు 'కీమియాయె సఆదత్', అనగా ఆనంద రసవాదము, అని పేరిడెను. లోహము బంగారమగుటకు వలెనే మనస్సు మారుటకును సాధన వలయును.

ఆ సాధన మనకు అందుబాటులోనిదే. పాఠము విడమరచి చెప్పిన సహాధ్యాయిని, హాస్టలులో వేళకు అన్నము వడ్డించిన వంటమనిషిని రాత్రి పరుండబోవుముందు తలచుకొందము. మార్కులు తగ్గిన మిత్రుని ప్రక్కన కూర్చుండి, అతని విలువ మార్కుల పట్టికలో లేదని చెప్పుదము. అట్టి దినము వృథా కానేరదు.