మంజీర తీరమున తీపి పంటలు

మన పల్లెలలో పండుగ వచ్చినదనగా ఇంటివారు మొదట వెదకునది బెల్లము. ఉగాది పచ్చడికి కొత్త బెల్లము, సంక్రాంతికి నువ్వులు బెల్లము, బతుకమ్మకు మలీద కావలయును. ఈ తీపి ఎచటినుండి వచ్చుచున్నది? దానికై మన నేలయు నీరును ఎంత వ్యయమగుచున్నవి? అందువలన మన జొన్నరొట్టెకు కొరత కలుగునా? ఈ ప్రశ్నలు ఇంటి ఇల్లాలికే గాక గ్రామ పంచాయతీ సభ్యులకును సంబంధించినవి.

చక్కెర దుంప పుట్టుక

ప్రపంచమున చక్కెర ముఖ్యముగా రెండు మొక్కలనుండి లభించుచున్నది. ఒకటి మనకు తెలిసిన చెరకు. రెండవది శీతల దేశములలో పండు చక్కెర దుంప. మనము కూర వండుకొను ఎర్ర బీట్‌రూటునకు ఇది దగ్గరి చుట్టము. కాని దీని లోపలి భాగము తెల్లగా నుండును.

1747లో బెర్లిను నగరమున మార్‌గ్రాఫ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు దుంపలోని తీపియు చెరకులోని తీపియు ఒకటే యని కనుగొనెను. ఆయన శిష్యుడు అకార్డ్ 1801లో సైలీషియా సీమలో మొదటి దుంప చక్కెర కర్మాగారమును నెలకొల్పెను. తరువాత ఐరోపా యుద్ధములలో ఓడల రాకపోకలు నిలిచి, ఫ్రాన్సు దేశమునకు చెరకు చక్కెర అందకపోయెను. అప్పుడు నెపోలియను 1811లో దుంప సాగునకై శాసనము చేసెను. కొరతనుండి ఒక ఖండమునకు సొంత తీపి లభించెను. నేడు ప్రపంచపు చక్కెరలో సుమారు 5వ వంతు దుంపనుండి వచ్చుచున్నది.

మన నేలకు తగునా?

దుంపకు కొన్ని సుగుణములు కలవు. చెరకు చేతికి వచ్చుటకు 10 మొదలు 12 నెలలు పట్టగా, దుంప 5, 6 నెలలలోనే పక్వమగును. దాని బరువులో 16 మొదలు 18 శాతము చక్కెర యుండును. చెరకునకు పంటకాలమున 1500 మొదలు 2500 మిల్లీమీటర్ల నీరు కావలయును. దుంపకు 550 మొదలు 750 మిల్లీమీటర్లు చాలును. మన ప్రాంతమున ఏడాది వానపాటు సుమారు 850 మిల్లీమీటర్లు మాత్రమే. చెరకు మన వానతో బ్రతుకునది కాదని దీనిచే తేలుచున్నది.

అయినను చిక్కులు లేకపోలేదు. దుంప మొక్క గట్టి చలి తగిలినగాని పూవు పూయదు. కావున మన మైదానములలో విత్తనము కట్టదు. ఏటేట బయటినుండి కొనవలయును. త్రవ్విన దుంప మన ఎండలకు త్వరగా చెడును. చెరకు మిల్లునకు పిప్పియే వంటచెరకు. దుంప పిప్పి పశువులకు మేతయగునుగాని పొయ్యికి పనికిరాదు, కావున ఇంధనము వేరుగ కొనవలయును. గానుగతో దుంప రసము తీయుట కుదరదు. ముక్కలుగా కోసి వేడినీట నానబెట్టి తీపిని లాగవలయును. రాజస్థానములోని శ్రీగంగానగరు మిల్లులో 1970 దశకమున దుంపనుండి చక్కెర తీసిరి. కాని ఆ సాగు దేశమున విస్తరింపలేదు.

చెరకు నేర్పిన పాఠము

మన జిల్లాగుండ పారు మంజీరపై దిగువన 1923 మొదలు 1931 వరకు నిజాంసాగరు నిర్మింపబడెను. ఆ నీటి ఆధారమున 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడెను. ఒకప్పుడది ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటి. 2002లో అందు ప్రైవేటు భాగస్వామ్యము ప్రవేశించెను. 2015 డిసెంబరులో అది మూతపడెను.

మిల్లు మూతపడిన ఏడు పొలములోని చెరకు ఆగదు. నరికిన చెరకులో తీపి దినదినము తరుగును. దూరపు మిల్లునకు తోలిన బండికిరాయి రైతుపైననే పడును. మన జహీరాబాదు ప్రాంతమున బోరుబావుల క్రింద చెరకు వేయు రైతులు ఈ సంగతి మరువరాదు. పూర్వము ఊరిలో గానుగయు బెల్లపు పెనమును ఉండుటచే రైతునకు రెండవ దారి యుండెడిది. సుమారు 100 కిలోల చెరకునుండి 10 కిలోల బెల్లము వచ్చును. గానుగ పోయిన ఊరిలో రైతు ఒకే కొనుగోలుదారుని చేతిలో చిక్కును.

పటాన్‌చెరు తీపి జొన్న

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడెను. మెట్ట పంటలయిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగలపై అది పరిశోధనలు చేసినది. తీపి జొన్నను గూర్చియు అచట కృషి జరిగెను. ఈ పైరు నాలుగు నెలలలో పండును. కంకి గింజ మనిషికి, ఆకు పశువునకు, కాండములోని రసము పాకమునకును ఇథనాలునకును ఉపయోగపడును. ఈ రసము చక్కెర పలుకులుగా సులభముగ పేరుకొనదు. 2007లో అప్పటి మెదక్ జిల్లాలో దీనినుండి ఇథనాలు తీయు కర్మాగారము మొదలయ్యెను. ఇబ్రహీంబాదులో ఊరిలోనే రసము తీసి పాకము కాచు ప్రయత్నము జరిగెను. కోసిన కాండమును ఒకటి రెండు దినములలోనే ఆడింపవలసి వచ్చుటయు, యంత్రమునకు ఏడాదిలో కొద్ది దినములే పనియుండుటయు దీనికి పెద్ద అడ్డంకులు. అయినను మిల్లు రాకున్నను గింజయు మేతయు రైతునకు మిగులును. చెరకునకు గాని దుంపకు గాని ఈ భద్రత లేదు.

చెడిన నీటిని గూర్చి హెచ్చరిక

దుంప ఉప్పునీటిని కొంత ఓర్చుకొనును. ఇది విని, కర్మాగారపు వ్యర్థజలము చేరిన భూములకు ఇదియే మందని తలపరాదు. 1970 దశకము మొదలు పటాన్‌చెరు పరిసరములందు పరిశ్రమలు పెరిగెను. వాని వ్యర్థములు నక్కవాగులో చేరి, ఒడ్డున నున్న బావులను పొలములను చెరచెను. ఆ వాగు మంజీరలో కలియును. ఉప్పు వేరు, రసాయనములు వేరు. మొక్క బ్రతికినంత మాత్రమున దానిని తినువారికి క్షేమమని చెప్పరాదు. నీటి పరీక్ష జరుగనిదే అట్టి చోట ఏ తిండిపంటయు వేయుమని పంచాయతీ సలహా ఈయరాదు.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

1. విత్తుటకు ముందే గ్రామసభలో బోరుల సంఖ్యను, నీటిమట్టమును, చెరకు వేయు ఎకరములను చదివి వినిపింపుడు. పొరుగువాని బావి ఎండుటకు కారణమేదో అందరకు తెలియును.

2. కొత్త పంట తెచ్చువారిని నాలుగు ప్రశ్నలు అడుగుడు: విత్తనమెచట దొరకును? కొనువారెవరు? కోసిన ఎన్ని గంటలలో చేర్చవలయును? కొనువారు రానిచో పంట దేనికి పనికివచ్చును? నాల్గవదానికి జవాబు లేనిచో ఊరంతయు ఒక్కసారిగ ఆ పంట వేయరాదు.

3. ప్రతి కుటుంబమును కొంత చెలకయందు జొన్న, కంది నిలుపుకొనునట్లు ప్రోత్సహింపుడు. జహీరాబాదు ప్రాంతపు మహిళా సంఘములు చిరుధాన్యములను సాగుచేసి, ధాన్యమును ఊరిలోనే నిలువచేసి చూపినవి. 2019లో వాటికి అంతర్జాతీయ ఈక్వేటర్ బహుమానము లభించెను.

4. గానుగ నడుపువారికి స్థలము, శుభ్రమైన నీరు సమకూర్చుడు.

5. బడిలో తీపి మితమును గూర్చి చెప్పింపుడు. పెద్దలకు దినమునకు కలిపిన చక్కెర 50 గ్రాములకు మించరాదనియు, 25 గ్రాములకు తగ్గించిన మరియు మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపెను. బెల్లమును ఈ లెక్కలోనిదే.

తీపి పంట రైతునకు రొక్కము నిచ్చును, దానిని కాదనరాదు. కాని ఊరి నీరంతయు దానికే పోసి, తినుటకు గింజను బజారున కొనవలసిన స్థితి తెచ్చుకొనరాదు. మొదట గాదెలో జొన్న, తరువాత అటకపై బెల్లము - మన పెద్దలు పాటించిన ఈ క్రమమును గ్రామసభలో మరల చర్చకు తెచ్చుట పంచాయతీ సభ్యుల కర్తవ్యము.